ఒక పనికి ఎన్ని పుస్తకములు?

పూర్వము మన గ్రామములలో కరణముగారి యింట ముఖ్యముగా రెండు లెక్కలుండెడివి. అడంగలు సర్వే నంబరుల వరుసను సాగును. ఏ పొలమును ఎవరు సాగుచేయుచున్నారు, అందేమి పైరు వేసినారు, దానికి నీరెక్కడిది అను సంగతులందుండును. తెలంగాణమున దానిని పహాణీ యందురు. రెండవది చిట్టా. అది రైతుల పేళ్ల వరుసను సాగును; ఒక రైతునకు ఎచ్చటెచ్చట ఎంతెంత భూమి గలదో ఒక్కచోట చూపును. భూమి యొక్కటే, చూచు మార్గములు రెండు. 1984వ సంవత్సరమున ఆంధ్రప్రదేశములో కరణముల యుద్యోగములు రద్దయినవి గాని, ఆ దస్త్రపు కట్టలును, ఆ సిరా మరకలును మీలో పెద్దలకు జ్ఞాపకముండకపోవు. నేడు నేను చెప్పబోవు సంగతి సులభముగ బోధపడుటకై ఆ లెక్కలను ముందుగా జ్ఞప్తికి దెచ్చితిని.

మీ పిల్లలు పట్టణములలో ఉద్యోగములు చేయుచున్నారు. పండుగకు ఇంటికి వచ్చినపుడు గూడ వారు ఫోను తీసి, అందొక పట్టిక చూచి, వ్రేలితో ఒక గడిలో గుర్తుపెట్టి, మరల జేబులో వైచికొనుట మీరు చూచియేయుందురు. అది ఆట గాదు. చేయవలసిన పనుల పట్టిక. ఒక్క పట్టికయైనచో చింత లేకపోవును. నేటి యుద్యోగి చేతిలో అట్టివి మూడు నాలుగున్నవి. అన్నియు ఇంచుమించు ఒకే పనికి వచ్చును. అందు ఏది యుంచుకొనవలెను, ఏది విడువవలెను? వినుటకిది చిన్న ప్రశ్నవలె నుండును. 2022వ సంవత్సరపు ముంగారు వఱకు నాకును అట్లే యుండెను.

నేను అనంతపురము జిల్లాలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘపు కార్యాలయమును చూచుచున్నాను. మేము ఏడుగురము. సభ్యులవద్ద వేరుశనగ కాయలు కొని, ఏరి, నిలువచేసి, విత్తనముగా తిరిగి సభ్యులకే యిచ్చుట మా ముఖ్యమైన పని. పదును పడిన దినమునకు విత్తనము రైతు ఇంట నుండవలెను. ఆలస్యముగా వచ్చిన విత్తనము వట్టి నూనెగింజయే గాని విత్తనము గాదని మీకు నేను చెప్పనక్కఱలేదు.

మెయిలు జాబుల కొఱకు మేము మైక్రోసాఫ్టు కంపెనీవారికి చందా కట్టితిమి. దానితోపాటు మేమడుగకయే వచ్చిన సాధనములు పెక్కు. జాబులు చూచు అవుట్‌లుక్కులో ఒక్కొక్క జాబునకు చిన్న జెండా గుర్తు పెట్టవచ్చును. దీని సంగతి మరల చూడవలెనని దాని యర్థము. టు డూ అనునది ఎవరి సొంత పనులు వారు వ్రాసికొను పట్టిక. ప్లానరు అనునది 2016లో వచ్చినది. అది నలుగురును కలిసి చూచు పలక. అందు పనులు చీటీల రూపమున నిలువు వరుసలలో అంటించినట్లుండును. చీటిపై చేయవలసినవారి పేరుండును. ఇవి చాలవన్నట్లు, మాకు తరిఫీదు ఇచ్చుటకు వచ్చిన ఒక పెద్దమనిషి ట్రెల్లో అనుదానిని నేర్పిపోయెను. 2011 నుండి వాడుకలోనున్న అదియు చీటీల పలకయే. గోడౌను గోడకు నల్లబల్ల యున్నది. అందఱి ఫోనులలో వాట్సాపు గుంపున్నది. నా చొక్కాజేబులో ఎప్పుడును ఒక కాగితపు ముక్క యున్నది.

ఈ చీటీల పలక యను నూహ కంప్యూటరువారిది గాదు. జపాను దేశమున టొయోటా మోటారు కర్మాగారములో తాయిచీ ఓనో అను ఇంజనీరు దానిని నడపెను. అమెరికాలోని పెద్ద అంగళ్లలో అర ఖాళీయైన కొలదియే సరకు నింపు పద్ధతినుండి అతనికి ఆ యూహ తట్టినది. 1953లో ఆ కర్మాగారపు యంత్రశాలలో అది అమలునకు వచ్చెను. దానికి వారు పెట్టిన పేరు కాన్‌బాన్. ఆ పద్ధతిలో చీటి సరకుతోపాటే చేతినుండి చేతికి పోవును. చీటి ఒకచోటను, సరకు వేఱొకచోటను ఉండరాదు. ఈ మాట మీరు గుర్తుంచుకొనుడు. మాకు వచ్చిన ఆపద యంతయు చీటియు సరకును వేఱగుటవలననే వచ్చినది.

ఆ సంవత్సరము మూడవ రాశి కాయలకు మొలకపరీక్ష చేయింపవలసియుండెను. వేరుశనగ విత్తనములో నూటికి 70 గింజలైనను మొలవవలెనని మన దేశపు ప్రమాణము. పరీక్ష ముగియుటకు పది దినములు పట్టును. కావున మే నెల చివర నమూనా పోవలెను. నేను ప్లానరులో 'మూడవ రాశి మొలకపరీక్ష' అని ఒక చీటి వ్రాసి, దానిపై ఇద్దఱి పేళ్లు వేసితిని. గోడౌను చూచు కుఱ్ఱవాడు నమూనా తీయవలెను. లెక్కలు చూచు అమ్మాయి దానిని ప్రయోగశాలకు పంపి, ఫలితము తెప్పింపవలెను.

కుఱ్ఱవాడు శ్రద్ధగలవాడే. బస్తాల కుట్లు విప్పి, పైననుండియు అడుగుననుండియు పిడికెడేసి కాయలు తీసి, గుడ్డసంచిలో పోసి, పేరుకట్టి అమ్మాయి బల్లపై నుంచెను. సంచికి ఫోటో తీసి వాట్సాపు గుంపులో పెట్టెను. మేమందఱము బొటనవ్రేలి గుర్తులు పెట్టి సంతోషించితిమి. పిదప అతడు తన పని యయినదని ప్లానరులోని చీటికి టిక్కు పెట్టెను. ప్లానరు ధర్మమేమనగా, చీటిపై ఎందఱి పేళ్లున్నను చీటి యొక్కటే. అందొకరు పూర్తి యన్నచో అందఱకును పూర్తియే. ఆ అమ్మాయి అప్పుడు తన అక్క పెండ్లికై మూడు దినములు సెలవులో నుండెను. తిరిగివచ్చి తన పట్టిక తెఱచి చూచినది. చేయవలసిన పనులలో అది లేదు. అంతకుమునుపే కసవూడ్చునామె సంచిని బల్లక్రిందికి జరిపియుండెను.

ఇంతవఱకు విని తప్పు పిల్లలదని మీరనుకొనవచ్చును. నా పాలు వినుడు. నమూనా ఎప్పుడు పంపుదురని ప్రయోగశాలనుండి వచ్చిన జాబునకు నేను జెండా పెట్టియుంటిని. జూను మొదటి వారమున ఒక రాత్రి నా పట్టిక చూచుకొనగా ఆ జెండా ఇంకను నిలిచియుండెను. కార్యాలయమంతటిలో నిజము చెప్పుచున్న గుర్తు అది యొక్కటే. నేనేమి చేసితిని? ప్లానరు తెఱచి చూచితిని. అచ్చట పూర్తి యని యున్నది. జెండా తీయుట నేనే మఱచితిని గాబోలుననుకొని దానిని తీసివైచితిని. రెండు పుస్తకములు రెండు మాటలు చెప్పినపుడు లేచిపోయి బల్లక్రింద చూడవలసినది. నిద్రకు వేళయైనది, ఏ పుస్తకము నమ్మిన నిద్రపట్టునో దానినే నమ్మితిని.

జూను చివర పదును పడినది. విత్తనము పంచితిమి. పది దినములు గడచిన పిమ్మట రెండెకరముల ఆసామి, వయస్సు మీఱిన పెద్దాయన, కార్యాలయమునకు వచ్చెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. తువాలు ముడి విప్పి, బూజుపట్టిన గింజలు నా బల్లమీద పోసి, "సాల్లో మూరకొక మొలక గూడ లేదు సామీ" అనెను. నేను పిల్లలను పిలిచి, చీటీలు వెదకించి, చివరకు సంచిని బల్లక్రింద గంటిని. దాచి లాభమేమి? జరిగినదంతయు ఆయనతో చెప్పితిని. ఆయన తిట్టలేదు. "ఏ బుక్కులో రాసుకుంటిరి సామీ?" అని యడిగెను. "నాలుగింటిలో వ్రాసితిమి పెద్దాయనా" అంటిని. "నాలుగింట్లో రాస్తే నాలుగుతూర్లు చూడల్ల గదా" అని తువాలు దులుపుకొని వెడలిపోయెను.

ఆ రాశి మొలక ప్రమాణమునకు చాల దిగువ నున్నదని పిదప తేలినది. విత్తనము తీసికొన్నవారందఱకును సంఘము సొమ్ము తిరిగి యిచ్చినది. సొమ్ము ఇయ్యవచ్చును గాని పదును ఇయ్యలేము గదా. ఆ పెద్దాయన ఆగస్టులో ఉలవలు చల్లుకొనెను.

ఆ వారము ఇంటిలో నాకు మాట సహింపలేదు. బెంగుళూరులో కంప్యూటరు కంపెనీలో పనిచేయు మా అన్నగారి కుమారుడు సంగతి విని, "ఇవన్నీ తీసేసి జిరా పెట్టుకోండి చిన్నాయనా" అని ఫోనులో సలహా చెప్పెను. ప్రక్కనున్న మా యింటావిడ అది జీలకఱ్ఱ వైద్యమనుకొని, నాకు పైత్యము చేసినదా యని యడిగినది. జిరా యనునది 2002లో ఆస్ట్రేలియా దేశపు అట్లాసియన్ కంపెనీవారు తెచ్చిన సాధనము. జపానువారి సినిమాలోని గాడ్జిల్లా యను భూతమునకు ఆ భాషలో గొజిరా యని పేరు. దాని తోకనుండి ఈ పేరు పుట్టినది. ప్రోగ్రాములలోని తప్పులను పట్టి, ఒకరు దిద్ది, ఒకరు పరీక్షించి, ఒకరు ఒప్పుకొనుచు పోవు పెద్ద పనులకు అది తగినది. ప్రతి మెట్టునందును ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో అది వ్రాసియుంచును. వందమంది యున్నచోట అది గొప్ప గుణమే. ఏడుగురమున్న మాకు ఏనుగును తెచ్చి గానుగకు గట్టినట్లగును. అదియుగాక, నాలుగు పుస్తకములవలన చెడిన పని అయిదవ పుస్తకముతో బాగుపడునని నాకు తోచలేదు.

క్రొత్త సాధనమును నమ్ముటకు ముందు దాని ఆయువును గూడ చూడవలెను. జర్మనీ దేశమున బెర్లినులో పుట్టిన వండర్‌లిస్టు అను పట్టికను లక్షలమంది వాడెడివారు. 2015లో మైక్రోసాఫ్టువారు దానిని కొనిరి. 2017లో టు డూ అను తమ సొంత పట్టికను తెచ్చిరి. 2020 మే నెలలో వండర్‌లిస్టును మూసివేసి, మీ పట్టికలు టు డూలోనికి తెచ్చుకొనుడనిరి. ట్రెల్లోను గూడ జిరావారే 2017లో కొనిరి. అనగా ఈ సాధనములు ఒకదానిమీద ఒకటి పడుట మన యజాగ్రత్తచేతనే గాదు. కొనుట అమ్ముటలచేత ఒకే కంపెనీ యింటిలో రెండు పొయ్యిలు పడుచున్నవి. 2024లో మైక్రోసాఫ్టువారు సొంత పట్టికను, ఉమ్మడి పలకను ప్లానరు అను ఒక్క పేరుక్రింద ఒకచోట చూపసాగిరి. గుమ్మములు తగ్గినవి, గదులు మాత్రము వేఱుగనే యున్నవి. కనుక దేనినెంచుకొన్నను, మన వ్రాత మనము బయటికి తీసికొనుటకు దారియున్నదా యని మొదట చూచుకొనుట మేలు.

తుదకు ఒక ఆదివారము ఏడుగురమును గోడౌనులో బస్తాలమీద కూర్చుండి మాటలాడితిమి. ఏది మంచి సాధనమని మొదలుపెట్టినంతసేపు ఎవరి వాడుక వారికి మంచిదయ్యెను, మాట తెగలేదు. లెక్కలు చూచు అమ్మాయి ఉన్నట్లుండి వేఱొక ప్రశ్న వేసినది. "సార్, రేపు నేను జ్వరముతో పడుకొన్నచో ఈ పనిని ఎవరు వెదకుదురు?" అనెను. ఆ ప్రశ్నతో చిక్కు చాలవఱకు విడిపోయినది. వెదకువారెవరును లేనిచో అది నా సొంత పని. నా పట్టికలో చాలును. వేఱొకరు వెదకుదురనినచో అది ఉమ్మడి పలకమీదనే పుట్టవలెను. పుట్టుట అనుమాట మేము ఆనాటినుండి వాడుచున్నాము. పని కనబడుట పదిచోట్ల కావచ్చును, పుట్టుట ఒక్కచోటనే.

అప్పుడు నాకు కరణముగారి లెక్కలు జ్ఞప్తికి వచ్చినవి. ప్లానరు అడంగలు వంటిది. పని వరుసను సాగును. టు డూ చిట్టా వంటిది. మనిషి వరుసను సాగును. టు డూలో 'నాకప్పగించినవి' అను పుట యొకటి గలదు. ప్లానరులో నా పేరుతోనున్న చీటీలన్నియు ఆ పుటలో తమంత తామే కనబడును. జెండా పెట్టిన జాబులు గూడ అందే వేఱొక పుటలో కనబడును. ఈ సంగతి యెఱుగక మేము ప్లానరు చీటీని చూచి, అదే పనిని మరల మా పట్టికలో చేతితో వ్రాసికొనెడివారము. అట్లు వ్రాసిన నకలుకు అసలు మారినదని తెలియదు. ఒకే భూమిని రెండు భూములుగా లెక్కించి రెండింటికిని శిస్తు కట్టినట్లు మా ప్రొద్దంతయు దానికే పోయెడిది.

ట్రెల్లోను ఆ దినమే విడిచితిమి. అది చెడ్డదిగాదు, రెండవది గనుక విడిచితిమి. జెండాలను సాయంకాలము వఱకే యుంచుకొనవలెననియు, ఆ లోపల జవాబైనను వ్రాయవలెను, చీటియైనను పుట్టింపవలెననియు అనుకొంటిమి. వాట్సాపులో చెప్పినది మాటయే గాని పని గాదు. దీనికి అందఱును వెంటనే ఒప్పుకొనిరి, అందఱును ఇప్పటికిని తప్పుచున్నారు.

చీటిపై రెండు పేళ్లు వేయుట మానితిమి. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరక యనలేదు. మాకు ఇద్దఱిలోనే చావలేదు. ఇప్పుడు నమూనా తీయుట ఒక చీటి, పంపుట ఒక చీటి, ఫలితపు కాగితము తెప్పించుట మఱియొక చీటి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు. కాగితము ఫోటో చీటికి తగిలించనిదే టిక్కు లేదు. చీటీలు పెరిగినవని కుఱ్ఱవాడు గొణిగెను. నిజమే, పెరిగినవి. పెండ్లిపనులలో అన్నదమ్ములిద్దఱకును పందిరి సంగతి చెప్పి, ముహూర్తమునాడు పందిరి లేక అవస్థపడిన యిండ్లు మీరును చూచియుందురు; ఒకనికి పందిరి, ఒకనికి వంటవారు అని విడదీసి చెప్పిన యింట పనులు పెరిగినట్లు తోచును గాని, చెడవు.

నల్లబల్ల విషయమున నేను పొరపడితిని. ఒక్కచోటనే యుండవలెనను ఉత్సాహములో దానిని గోడనుండి తీయించితిని. నాలుగు దినములలో హమాలీ మేస్త్రి వచ్చి, "ఏ లారీకి ఏ రాశి ఎత్తాలో మాకెట్ల తెలుస్తాది సార్? మీ ఫోను మాకిస్తారా?" అనెను. సమాధానము లేకపోయినది. వారి చేతులు బస్తాలమీద నుండును. కన్నులు గోడమీదికి పోవును. వారికి పలక అదియే. మరల తగిలించితిమి. అయితే ప్రతి ఉదయమును కుఱ్ఱవాడు ప్లానరు చూచి బల్లమీద వ్రాయును. బల్లమీద ఏ పనియు ముందు పుట్టదు. సాయంకాలము బల్లమీద కొట్టివేసినవి చూచి ప్లానరులో టిక్కు పెట్టును. ఇది రెండు పుస్తకములు కాదా యని మీరడుగవచ్చును. అవును, రెండే. కాని ఏది తల్లియో ఏది బిడ్డయో అందఱకును తెలియును. రెంటికి భేదము వచ్చిననాడు గోడౌనులోనికి పోయి బస్తాలను చూతుము. ఏ పుస్తకమును నమ్మము.

ఇంతచేసినను ముంగారు వేడిలో పద్ధతి తప్పుచునేయున్నది. అందఱికంటె ఎక్కువ తప్పువాడను నేనే. చొక్కాజేబులోని కాగితపు ముక్కను ఇప్పటికిని మానలేదు. రాత్రి పరుండబోవు ముందు దానిని తీసి, అందున్నవానిని పుట్టవలసినచోట పుట్టించి, ముక్కను చించివేయుదును. కొన్ని రాత్రులు మఱతును. ఉదయము మా యింటావిడ చొక్కా తడుపుటకు ముందు జేబు చూచి తెచ్చియిచ్చును.

మరుసటి సంవత్సరము, 2023లో, విత్తనము పంచుటకు ముందే ఆ పెద్దాయన వచ్చెను. మొలక ఎంత వచ్చినదని యడిగెను. నేను ఫోను తెఱచి, చీటి చూపి, దానికి తగిలించిన ఫలితపు కాగితమును పెద్దదిగా చేసి చూపితిని. ఆయన కండ్లద్దములు పెట్టుకొని చదివి, ఫోను నాకిచ్చి, "బాగుండాది. నాకొక నూరు గింజలియ్యండి సామీ, తడిగోనెలో చుట్టి చూసుకుంటా" అనెను. కాయలు తెప్పించి వొలిపించితిని. ఆయన రెండుమాఱులు లెక్కపెట్టుకొని తువాలు కొంగున ముడివైచికొని పోయెను. తొమ్మిదవనాడు బండితో వచ్చి, "ఎనబైనాలుగు" అని మాత్రము చెప్పి, బస్తాలెత్తుమనెను.